పొగ మానేవారికి తిండి చేసే సాయం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే పాఠం ఒకటి రాసివ్వమని వార్డెన్ గారు కబురు చేశారు. పోటీ పరీక్షల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి రాయడానికి మాకంటే అనుభవజ్ఞులు ఉన్నారు. కాబట్టి మేము పొగ గురించి రాస్తున్నాము. "పొగ త్రాగరాదు" అన్న బోర్డు చదవనివారు మనలో ఎవరూ లేరు. సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మ చూడనివారూ లేరు. అయినా కాల్చేవారు కాలుస్తూనే ఉన్నారు. అందుచేత పొగ ఎందుకు మానాలో ఇక్కడ ఎక్కువగా చెప్పబోము. మానాలని ఒకసారి గట్టిగా అనుకున్నవాడు మొదటి మూడు నాలుగు వారాలు ఎలా గట్టెక్కాలి, అందులో అన్నం, పండు, మజ్జిగ, నడక ఏ మేరకు అక్కరకు వస్తాయి అన్నదే విషయం.

ముందుగా ఒక మాట. ఫలానా కూర తింటే, ఫలానా కషాయం తాగితే పొగ అలవాటు పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అటువంటి కూర లేదు. తిండి చేసేది సాయం మాత్రమే. అయితే మన వంటివారి విషయంలో ఆ సాయం చిన్నది కాదని మా అభిప్రాయం. ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి పొగ మొదలయ్యేదే ఆకలి దగ్గర.

ఆకలిని చంపే పొగ

మన హాస్టల్లో టెన్త్, ఇంటర్, ఐటీఐ చదివి బయటికి వెళ్ళిన అన్నయ్యలు ఇప్పుడు ఎక్కడున్నారు? కొందరు ఉద్యోగాలలో స్థిరపడ్డారు, సంతోషం. చాలామంది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనిలో, పోర్టులో, ఆటోనగర్ వర్క్‌షాపుల్లో, పరవాడ ఫార్మాసిటీలో ఉన్నారు. ఎ-షిఫ్టు ఉదయం 6 గంటలకు. గాజువాకలో అద్దెగది, అందులో నలుగురు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పొయ్యి వెలిగించేది ఎవరు? గేటు దగ్గర టీ కొట్టులో ఒక టీ, ఒక సిగరెట్. దానితో పది గంటల దాకా ఆకలి తెలియదు. అలా ఒక నెల గడిస్తే అది టిఫిన్ అయిపోతుంది.

ఇందులో కిటుకు నికోటిన్‌ది. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే అది మెదడుకు చేరుతుంది. ఎడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కాలేయంలో దాచి ఉన్న చక్కెర కొంత రక్తంలోకి వస్తుంది. ఆకలి అణగిపోతుంది. అంటే సిగరెట్ మనకు ఏమీ పెట్టలేదు. మన ఒంట్లో దాచుకున్నదే తీసి మనకే వడ్డించింది. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటలకు సగానికి తగ్గుతుంది. బాగా అలవాటు పడినవారి చేయి గంటకో రెండు గంటలకో జేబులోకి వెళ్ళడం అందువల్లనే.

ఇక మానిన రోజున ఏమవుతుంది? చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆకలి. ఇవి మొదటి మూడు రోజులు ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి ఏది ఆకలి, ఏది పొగ యావ అన్నది విడదీసి తెలియదు. రెండూ ఒకేలా పీకుతాయి. ఆ సమయంలో కడుపు నిండుగా ఉంటే కనీసం ఒకదానితోనే పోరాడాలి. మొత్తం పాఠంలో ముఖ్యమైన సంగతి ఇదే. మానదలచినవాడు అన్నిటికంటే ముందు ఉదయం తిండి సరిచేసుకోవాలి.

దానికి వంట అక్కరలేదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉంచిన చద్దన్నం, ఒక ఉల్లిపాయ. లేదా రాత్రే కాచి పెట్టుకున్న చోడి అంబలి. మన అమ్మమ్మలు పొలానికి పోయేటప్పుడు తాగి వెళ్ళినదే. చోళ్ళకే రాగులని పేరు పెట్టి ఇప్పుడు సూపర్ మార్కెట్లో అందమైన ప్యాకెట్లలో అమ్ముతున్నారు, పేరు మారితే ధర కూడా మారింది! జేబులో గుప్పెడు వేయించిన శనగలో, వేరుశనగ పప్పులో ఉండాలి. సిగరెట్ పెట్టె ఉండే జేబులోనే ఉంచుకుంటే మంచిది, చేయి అలవాటుగా అక్కడికే వెళుతుంది కనుక.

మా సీనియర్ ఒకాయన ఉన్నారు. పేరు రాయవద్దన్నారు. కాంట్రాక్టు పనిలో చేరిన కొత్తలో రోజుకు పది, పన్నెండు కాల్చేవారు. రెండుసార్లు మాని మళ్ళీ మొదలుపెట్టారు. మూడోసారి ఆయన సిగరెట్‌ని ముట్టుకోలేదు, ముందు టీ కొట్టుని మానేశారు. పదిహేను రోజులు ఇంట్లోనే అంబలి తాగి, స్టీలు డబ్బాలో ఉడికించిన శనగలు పట్టుకెళ్ళి, తోటివాళ్ళు కొట్టు దగ్గర నిలబడినప్పుడు ఆయన గేటు లోపలికి వెళ్ళి కూర్చునేవారట. ఆ తరువాత సిగరెట్ మానారు. "సిగరెట్ ఒక్కటీ వదిలితే చెయ్యి ఖాళీగా ఉండేది తమ్ముడూ, కొట్టే వదిలేస్తే తలపుకి రావడం తగ్గింది" అని మాకు చెప్పారు. ఇప్పటికి నాలుగేళ్ళయింది.

టీ సంగతి

ఆయన తెలియకుండానే మంచి పని చేశారు. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరగగొట్టే ఎంజైమును చురుకుగా ఉంచుతాయి. పొగ మానగానే ఆ చురుకుదనం తగ్గిపోతుంది. తాగిన టీ, కాఫీలలోని కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. రోజూ తాగే ఐదు టీలే పది టీలంత పని చేస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర లేకపోవడం. పాపం, మనిషి ఇదంతా సిగరెట్ మానినందువల్లే అనుకుని మళ్ళీ వెలిగిస్తాడు. కనుక మానిన రోజు నుంచే టీలు సగానికి తగ్గించాలి. ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పక ఎంతమంది వెనక్కి వెళ్ళారో!

రుచి విషయం కూడా ఉంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2007లో ప్రచురించిన ఒక పరిశీలనలో పొగ తాగేవారినే అడిగారు, ఏది తిన్న తరువాత సిగరెట్ రుచిగా ఉంటుంది, దేని తరువాత చేదుగా ఉంటుంది అని. కాఫీ, మద్యం, మాంసం తరువాత బాగుంటుందని చాలామంది చెప్పారు. పండ్లు, కూరగాయలు, పాలు, మంచినీళ్ళ తరువాత బాగుండదన్నారు. దీనిలో గొప్ప శాస్త్రం ఏమీ లేదనిపించవచ్చు. కానీ వాడుకోవడం తేలిక. భోజనం కాగానే యావ వచ్చేవాడు భోజనం చివర పెద్ద గ్లాసుడు మజ్జిగ తాగి, ఒక జామకాయ కొరుక్కుంటూ నడవాలి. ఒక్కో యావ మూడు నుంచి ఐదు నిమిషాలే బలంగా ఉంటుంది. జామకాయ తినడానికి అంతకంటే ఎక్కువసేపే పడుతుంది.

బఫెలో విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన ఒక పరిశీలనలో వెయ్యి మంది పొగరాయుళ్ళను 14 నెలల తరువాత మళ్ళీ పలకరించారు. పండ్లు, కూరగాయలు అందరికంటే ఎక్కువ తినేవారిలో అప్పటికి కనీసం 30 రోజులుగా పొగాకు ముట్టనివారు, అతి తక్కువ తినేవారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఉన్నారు. అయితే తొందరపడి పండు వల్లనే మానారు అనకూడదు. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడు పండూ తింటాడు, పొగా మానతాడు. పండు కొనగలిగినవాడి బతుకు కూడా కొంచెం నెమ్మదిగా ఉంటుంది. అన్నం సరిగా దొరకని మనిషికి పొగ వద్దని ఉపన్యాసం ఇవ్వడం ఎంత తేలికో ఆలోచించండి.

అందుకే డబ్బు లెక్క ఒకటి వేద్దాం. ఒక సిగరెట్ తక్కువలో తక్కువ పది రూపాయలనుకుంటే రోజుకు ఐదుకి యాభై రూపాయలు. నెలకు 1,500. ఏడాదికి 18,250. ఆ యాభైతో రోజూ రెండు గుడ్లు, రెండు అరటిపండ్లు, ఒక జామకాయ, గుప్పెడు వేరుశనగ పప్పు వస్తాయి. పూర్ణా మార్కెట్టులోనో, రైతు బజారులోనో సాయంత్రం వేళ అయితే ఇంకొంచెం ఎక్కువే వస్తాయి.

అడ్డపొగ మనకు నేర్పినది

ఇప్పుడు మన ప్రాంతపు కథ. సిగరెట్ కుర్రాళ్ళది, చుట్ట పెద్దవాళ్ళది. మన విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే అమ్మమ్మలను మీరందరూ చూసే ఉంటారు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులతో పట్టుకుని, పని చేసుకుంటూనే పీలుస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదనీ, చంటిపిల్లల మీద నుసి పడదనీ, పెద్దల ఎదుట కనపడదనీ ఎన్నో కారణాలు చెబుతారు. కారణం ఏదైనా ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో చాలా అరుదైన అంగిలి క్యాన్సర్ మన తీరంలో అందువల్లనే కనిపించింది. బొంబాయి టాటా మెమోరియల్‌లోని డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల గురించి రాస్తూ మన చుట్ట సంగతి చెప్పారు. 1957లో డాక్టర్ రెడ్డి, డాక్టర్ రావు రాసిన వ్యాసం పేరులోనే కోస్తా ఆంధ్ర ఉంది. 1971లో డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా, గుప్తా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి అంగిలి మచ్చల వివరాలు ప్రచురించారు. మన ముసలమ్మల నోళ్ళు చూసి ప్రపంచం ఎంతో నేర్చుకుంది. అందులో మన ఊళ్ళకు తిరిగి చేరినది ఎంత అంటే మేము జవాబు చెప్పలేము.

తిండి విషయం ఇక్కడే వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, డాక్టర్ కమలా కృష్ణస్వామి గారి బృందం, అడ్డపొగ తాగే గ్రామీణులలో ఒక ప్రయోగం చేశారు. నోట్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు ఉన్నవారిలో కొందరికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఏడాదిపాటు ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం పోషకాలు అందినవారిలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా తగ్గాయి. రెండోవారిలో 8 శాతం మందికే తగ్గాయి. అంటే పేద తిండి తినే నోరు పొగ దెబ్బకు త్వరగా లొంగుతుంది, అందవలసినవి అందితే కొంత కోలుకుంటుంది. పొగ తాగుతూ మాత్ర వేసుకుంటే చాలునని దీని అర్థం కానే కాదు.

అలా అర్థం చేసుకుంటే ఎంత ప్రమాదమో ఫిన్లాండులో తేలింది. అక్కడ 29,133 మంది పొగ తాగే మగవారిపై పరీక్ష చేశారు. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రల రూపంలో తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో ప్రకటించారు. కనుక పొగ తాగేవారు మందుల షాపుకు వెళ్ళి సొంతంగా విటమిన్ సీసాలు కొనవద్దు. ఆ మాత్రలకు పెట్టే డబ్బుతో కూరగాయలు కొనుక్కోవచ్చు. పైన చెప్పిన నాలుగూ మన వంటింట్లోనే దొరుకుతాయి. విటమిన్ ఎ కోసం మునగాకు, తోటకూర, బొప్పాయి, వేసవిలో మామిడి. రైబోఫ్లేవిన్ కోసం పాలు, పెరుగు, గుడ్డు. జింక్‌కు శనగలు, వేరుశనగ, చోళ్ళు. సెలీనియానికి చేపలు, గుడ్లు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఖరీదైన వంజరమే కొనక్కరలేదు, నెత్తళ్ళు, కవళ్ళు చాలు. పొగ తాగేవారి ఒంట్లో విటమిన్ సి త్వరగా ఖర్చవుతుంది, మామూలు వారికంటే రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని లెక్క. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఉసిరికాయ కూడా మంచిదే.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. అందుచేత ఆసుపత్రి చీటీ ఏది వచ్చినా మా చేతికే ఇస్తారు. భీమిలి వైపు ఊళ్ళో మా అమ్మమ్మ నలభై ఏళ్ళు అడ్డపొగ తాగింది. పోయిన ఏడాదికి ముందు ఏడు అంగిలి మీద తెల్లని మచ్చ, మధ్యలో ఎర్రని చుక్కలు కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాము. చుట్ట మానాలి, ఆరునెలలకోసారి చూపించాలి, బాగా తినాలి అన్నారు. మేము పుస్తకంలో చదివినదంతా అమ్మమ్మకు చెప్పాము. ఆమె అంతా విని, "ఇన్నేళ్ళు కాలిన నోటికి తోటకూర ఏటి సేస్తాదిరా?" అని అడిగింది. మంచి ప్రశ్న. దానికి అప్పుడు మా దగ్గర శాతాలు తప్ప జవాబు లేదు.

మా అమ్మ వేరేలా పట్టుకుంది. అమ్మమ్మ చుట్ట వెలిగించేది ముఖ్యంగా మూడుసార్లు. తెల్లవారగానే, మధ్యాహ్నం అన్నం తరువాత, రాత్రి పడుకునే ముందు. అమ్మ తెల్లవారే వేళకు వేడి అంబలి చేతికిచ్చేది. మధ్యాహ్నం ఒక ఉసిరి ముక్క బుగ్గన పెట్టేది. నోరు కాసేపు పులుపుతో ఊరుతుంటే చుట్ట జ్ఞాపకం రాదట. రాత్రి చుట్ట మాత్రం చాలాకాలం పోలేదు. దాన్ని పోగొట్టినది తిండి కాదు, మా చిన్న చెల్లి. అమ్మమ్మ పక్కన పడుకోవడం మానేసి, "కంపు" అని ఒకే మాట అంది. ఉగాదికి మానిన చుట్ట మళ్ళీ పట్టలేదు. మచ్చ ఇప్పుడు పలచబడింది. మానడం వల్ల ఎంత, అంబలి వల్ల ఎంత అని విడదీయలేము. పరీక్షకు మాత్రం తీసుకెళ్తూనే ఉన్నాము.

మరికొన్ని సంగతులు

మానినవారు సగటున మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు బరువు పెరుగుతారు. మనలో చాలామందికి అది నష్టమేమీ కాదు. నిజంగా లావుగా ఉన్నవారు, షుగరు ఉన్నవారు తీపి బదులు కీరా, ముల్లంగి, మజ్జిగ ఎంచుకోవాలి. కొందరికి మలబద్ధకం వస్తుంది. నీళ్ళు, ఆకుకూరలు, నడక దానికి మందు. కొన్నాళ్ళు దగ్గు ఎక్కువ కావచ్చు, ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాయన్నమాట. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించి కఫం పరీక్ష చేయించాలి, క్షయ మన పేటల్లో ఇంకా ఉంది.

నడక గురించి రెండు మాటలు. పది పదిహేను నిమిషాల చురుకైన నడక అప్పటికి యావను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. బీచ్ రోడ్డుకు వెళ్ళనక్కరలేదు, హాస్టల్ చుట్టూ నాలుగుసార్లు తిరిగినా నడకే.

సిగరెట్ మాని ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ పట్టేవారున్నారు. అది పొయ్యిలోంచి పెనం మీదికి కూడా కాదు, పొయ్యిలోంచి ఇంకో పొయ్యిలోకి. పొగాకు లేని వక్కపొడి కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదే. నోట్లో ఏదో ఒకటి ఉండాలనుకుంటే సోపు, ఏలకులు, ఎండు ఉసిరి ఉన్నాయి. చాలా ఎక్కువగా కాల్చేవారికి తిండి, నడక సరిపోవు. డాక్టరు సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చు. దాన్ని బబుల్ గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి బుగ్గన ఉంచాలి. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, సోడా, నిమ్మరసం తాగకూడదు. నోరు పులుపుగా ఉంటే అందులోని మందు ఒంటికి పట్టదు. అంటే మా అమ్మమ్మ ఉసిరి ముక్క గమ్‌తో కలిసి పనికిరాదు, రెండిటిలో ఒకటే.

ఇంట్లో నాన్నలకు "ఇప్పుడు మానితే ఏం లాభం" అన్న మాట ఉంటుంది. బ్రిటిష్ వైద్యులనే యాభై ఏళ్ళు గమనించి 2004లో ప్రకటించిన లెక్క వారికి చెప్పండి. 60 ఏళ్ళకు మానినా మూడేళ్ళు, 50కి మానితే ఆరేళ్ళు, 40కి తొమ్మిది, 30కి మానితే పదేళ్ళ ఆయుష్షు కలిసి వస్తుంది. కళాసీ పనిలో బొగ్గు దుమ్ము ఎలాగూ పీల్చక తప్పనివారికి పొగ ఆ దుమ్ముకు తోడవుతుంది.

విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతుంది. మీ కాలేజీ గేటు నుంచి టీ కొట్టుకు ఎన్ని గజాలో ఒకసారి టేపు పట్టి చూడండి!

సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పని చేయాలని కోరుతున్నాము. ఇంట్లో చుట్ట, బీడీ, అడ్డపొగ తాగే పెద్దవాళ్ళుంటే పగటి వెలుతురులో కూర్చోబెట్టి, నోరు బాగా తెరవమని, సెల్‌ఫోన్ టార్చితో అంగిలి, బుగ్గలు, నాలుక కింద చూడండి. తెల్లని మందమైన మచ్చ, ఎర్రని మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా పండగ అయ్యాక చూద్దాం అనుకోకుండా కేజీహెచ్‌కు తీసుకెళ్ళండి. అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా మన ఊళ్ళోనే ఉంది. మానడానికి ఫోనులో సలహా కావాలంటే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. తెలుగులో మాట్లాడతారు. నోరు చూపించమంటే పెద్దవాళ్ళు మొదట నవ్వుతారు, సిగ్గుపడతారు. మా అమ్మమ్మ అయితే మూడు రోజులు చూపించలేదు. నాలుగో రోజు చెల్లెలి నోరు ముందు చూస్తే తనదీ చూపిస్తానంది.